ఫ్రంట్ ఫెండర్ ప్రోటోటైప్: సిమ్యులేషన్‌నీ ట్రైఅవుట్‌నీ కలిపేది డ్రా-ఇన్ కొలతే

కంప్యూటర్ సిమ్యులేషన్‌లో అంతా పచ్చగా, అంటే చీలిక భయం లేనట్టు, కనిపించిన ప్యానెల్ ట్రైఅవుట్‌లో (డైని ప్రెస్‌కి ఎక్కించి చేసే పరీక్షలో) చీలితే, డిజైన్ ఆఫీసుకీ టూల్ రూమ్‌కీ మధ్య వాదన మొదలవుతుంది. ఒకరు మెటీరియల్ బాగాలేదంటారు, ఒకరు ఫ్రిక్షన్ తప్పు ఇచ్చారంటారు, ఇంకొకరు సాఫ్ట్‌వేర్‌నే నమ్మొద్దంటారు. ప్రెస్ దిగేటప్పుడు షీట్ అంచు ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి జారిందో, అంటే డ్రా-ఇన్ ఎంతో మాత్రం చాలాసార్లు ఎవరూ కొలిచి ఉండరు. ఈ కేసులో చూపించదలచుకున్నది ఒక్కటే. ముందు సిమ్యులేషన్‌లోనూ ప్రెస్ మీదా డ్రా-ఇన్ కలవాలి. అది కలవకుండా థిన్నింగ్ (షీట్ పలచబడటం) గురించీ స్ప్రింగ్‌బ్యాక్ (వదిలాక ప్యానెల్ కొంత వెనక్కి తెరుచుకోవడం) గురించీ ఎంత వాదించినా ఫలితం ఉండదు.

ఇది ఏ ఒక్క కంపెనీ ప్రాజెక్టూ కాదు. ఈ తరహా పార్ట్‌కి ఎదురయ్యే పరిస్థితుల్ని ఒకే ఫెండర్ మీద పెట్టి, లెక్కలతో కట్టిన నమూనా కేసు.

పార్ట్, షీట్, బ్లాంక్

కాంపాక్ట్ ఎస్‌యూవీకి ఎడమవైపు ఫ్రంట్ ఫెండర్. బయటికి కనిపించే ప్యానెల్ కాబట్టి చీలకపోతే సరిపోదు, పెయింట్ వేశాక వెలుతురులో అల కనిపించకూడదు. హెడ్‌ల్యాంప్ దగ్గర ఇరుకైన మూల, కింద వీల్ ఆర్చ్, వెనక ఏ-పిల్లర్ వైపు సాగిన సన్నటి కొస, మధ్యలో దాదాపు చదునైన పక్క భాగం. ఫెండర్‌లో కష్టమంతా ఈ పొందికలోనే ఉంది. మూలలో లోహం ఎక్కువ సాగి తెగిపోతుంది, మధ్యలో అసలు సాగకుండా వదులుగా ఉండిపోతుంది. ఒకచోట నయం చేస్తే రెండోచోట చెడుతుంది. 2002లో దక్షిణ కొరియాలోని జెజు దీవిలో జరిగిన నుమిషీట్ (షీట్ ఫార్మింగ్ సిమ్యులేషన్) సదస్సు ఫ్రంట్ ఫెండర్‌ను బెంచ్‌మార్క్‌గా పెట్టింది. సాఫ్ట్‌వేర్ బలమూ బలహీనతా రెండూ బయటపెట్టే పార్ట్ ఇది.

షీట్ 0.7 మి.మీ. డీసీ05 తరగతి స్టీల్. టెన్సైల్ టెస్ట్‌లో యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 155 మెగాపాస్కల్స్, అల్టిమేట్ (తట్టుకోగల గరిష్ఠం) 295, ఎన్ విలువ (సాగేకొద్దీ గట్టిపడే గుణం) 0.22. ఆర్ విలువలు (పలచబడకుండా సాగే గుణం) రోలింగ్ దిశలో 1.9, 45 డిగ్రీల దిశలో 1.6, అడ్డంగా 2.2. సగటు 1.825. మిల్ సర్టిఫికెట్ మీద ఉన్న అంకెల్ని నేరుగా సిమ్యులేషన్‌లో వేయకూడదు. అందులో సాధారణంగా ఒక్క దిశ విలువలే ఉంటాయి, పైగా స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వ్ ఉండదు. అదే కట్ట షీట్ల నుంచి మూడు దిశల్లో శాంపిల్స్ కోసి టెస్ట్ చేయించుకోవాలి.

బ్లాంక్ (ప్రెస్‌లో పెట్టేందుకు కోసిన షీట్ ముక్క) 1100 × 850 మి.మీ., బరువు సుమారు 5.1 కిలోలు. ఇక్కడ ఒక ఆశ పుడుతుంది. ప్రోటోటైప్‌కి కాయిల్ కొనరు, 1250 × 2500 షీట్లు కొంటారు. ఒక్కో షీట్‌లో రెండు బ్లాంక్‌లు వస్తాయి. బ్లాంక్ వెడల్పును 20 మి.మీ. తగ్గించి 90 డిగ్రీలు తిప్పి పెడితే 830 × 3 = 2490, అంటే మూడు వస్తాయి. లేజర్ ఆపరేటర్ మంచి ఉద్దేశంతోనే అలా నెస్టింగ్ చేస్తాడు. దాంతో రోలింగ్ దిశ అడ్డం తిరుగుతుంది, సిమ్యులేషన్‌లో ఇచ్చిన ఆర్ విలువలు వేరే దిశలో పనిచేస్తాయి. డ్రాయింగ్ మీద రోలింగ్ దిశ బాణం గుర్తు ఉండాలి, ప్రతి బ్లాంక్ మీదా మార్కర్‌తో అదే బాణం గీయాలి.

సిమ్యులేషన్ సెటప్

షీట్‌ను చిన్న పలకలుగా విడగొట్టే షెల్ ఎలిమెంట్లు, అవసరమైన చోట తమంతట తాము చిన్నవయ్యే మెష్. 90 డిగ్రీల రేడియస్ చుట్టూ కనీసం నాలుగైదు ఎలిమెంట్లు పడాలి. స్ప్రింగ్‌బ్యాక్ కూడా చూడాలి కాబట్టి మందం గుండా 11 ఇంటిగ్రేషన్ పాయింట్లు (ఒత్తిడిని లెక్కించే బిందువులు). ఫార్మింగ్ ఒక్కటే చూసేట్టయితే 5 నుంచి 7 చాలు. ఫ్రిక్షన్ మొదట 0.15. ఆటోఫార్మ్, పామ్‌స్టాంప్, ఎల్‌ఎస్-డైనా సాఫ్ట్‌వేర్‌లలో దేనితో చేసినా ఈ సెటప్‌లో మౌలికంగా తేడా లేదు.

యీల్డ్ మోడల్, అంటే షీట్ ఎప్పుడు శాశ్వతంగా సాగుతుందో చెప్పే సూత్రం, హిల్ 48. ఆర్ విలువ ఎక్కువున్న స్టీల్‌కి ఈ మోడల్ రెండు దిశల్లో సమానంగా సాగే చోట బలాన్ని ఎక్కువగా చూపిస్తుంది. ఈ షీట్‌కి లెక్క వేస్తే ఒక దిశ యీల్డ్ కంటే 1.19 రెట్లు వస్తుంది. ఫెండర్ మధ్యభాగం సాగేది సరిగ్గా ఆ స్థితిలోనే కాబట్టి, అక్కడి థిన్నింగ్‌ను చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇదే పార్ట్‌ని అల్యూమినియంతో చేస్తే హిల్ 48 పనికిరాదు, బార్లాట్ లేదా బీబీసీ మోడల్‌కి వెళ్లాల్సిందే.

ఎఫ్ఎల్‌సీకి, అంటే చీలే ముందు షీట్ ఎంత సాగగలదో చూపే హద్దు గీతకి, కీలర్–బ్రేజియర్ సూత్రం. మందం 0.7 మి.మీ.ని 14.13తో గుణించి 23.3 కలిపితే 33.2 శాతం. ఎన్ విలువ 0.21 దాటితే ఈ సూత్రంలో దాన్ని 0.21 దగ్గరే ఆపుతారు, కాబట్టి అదే ఫైనల్. దీనికి 10 శాతం పాయింట్లు కింద సేఫ్టీ లైన్. ప్రధాన స్ట్రెయిన్ (ఎక్కువ సాగిన దిశలో సాగుదల) 23 శాతం దాటకూడదు.

బైండర్ (షీట్ అంచును చుట్టూ నొక్కిపట్టే చట్రం) ఏరియా 0.355 చదరపు మీటర్లు. 2.25 మెగాపాస్కల్స్ ఒత్తిడి పెడితే బైండర్ ఫోర్స్ 800 కిలోన్యూటన్లు, అంటే 80 టన్నులు. పంచ్ (షీట్‌ను డైలోకి నొక్కే భాగం) ఓపెనింగ్ చుట్టుకొలత 3.1 మీటర్లు. చుట్టుకొలత, మందం, అల్టిమేట్ మూడూ గుణించి 0.7 వంతు తీసుకుంటే డ్రా ఫోర్స్ మరో 45 టన్నులు. చివర్లో ఫీచర్ లైన్లు అచ్చు పడేందుకు కావాల్సింది దీనికి అదనం. 400 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్ సరిపోతుంది.

మొదటి రన్ చూపించిన చిక్కు

బీడ్‌ను, అంటే షీట్ జారకుండా పట్టే బైండర్ మీది గట్టును, చుట్టూ ఒకేలా, మి.మీ.కి 70 న్యూటన్ల పట్టుతో పెట్టిన రన్. అల్టిమేట్‌ను మందంతో గుణిస్తే మి.మీ.కి 206 న్యూటన్లు, షీట్ భరించగలిగేది అంత. 70 అంటే అందులో మూడో వంతు. ఫలితం ఊహించినట్టే వచ్చింది. హెడ్‌ల్యాంప్ మూలలో అడెండమ్ (పార్ట్ చుట్టూ కలిపి తర్వాత కోసేసే అదనపు రూపం) గోడ మీద ప్రధాన స్ట్రెయిన్ 36 శాతం, మైనర్ (దానికి అడ్డ దిశలో) దాదాపు సున్నా, థిన్నింగ్ 26. అంటే చీలిక. అదే ప్యానెల్ మధ్యలో థిన్నింగ్ 1.4 శాతమే. బయటి ప్యానెల్‌కి సుమారు 3 కావాలి. లేకపోతే చేత్తో నొక్కితే డబ్బా మూతలా లోపలికి పోయి బయటికొస్తుంది, సొట్ట తట్టుకోదు.

బైండర్ ఫోర్స్ పెంచితే మూల ఇంకా చీలుతుంది, తగ్గిస్తే మధ్యభాగం ఇంకా వదులవుతుంది. కాబట్టి ఫోర్స్‌ను కదపకుండా, పట్టు ఎక్కడెక్కడ ఎంత ఉండాలో మార్చడమే దారి. మూల దగ్గర 140 మి.మీ. మేర బీడ్ పూర్తిగా తీసేయాలి. అక్కడే డై ఎంట్రీ రేడియస్ 6 నుంచి 10 మి.మీ.కి, గోడ వాలు 6 నుంచి 12 డిగ్రీలకు పెంచి, బ్లాంక్ మూలను 70 మి.మీ. ఏటవాలుగా కోయాలి. తిన్నటి వైపుల్లో మాత్రం బీడ్ పట్టు 105 న్యూటన్లకు, అంటే షీట్ భరించేదాంట్లో సగానికి పెంచాలి. ఇవి కలిసి మూలలో స్ట్రెయిన్‌ను 22కి, థిన్నింగ్‌ను 18కి దించాయి. మధ్యలో థిన్నింగ్ 3.2కి ఎక్కింది.

స్కిడ్ లైన్ కూడా ఇక్కడే చూసుకోవాలి. పంచ్ అంచు షీట్‌ను మొదట తాకిన గీత డ్రా సాగేకొద్దీ పక్కకి జరుగుతుంది. అది కనిపించే సర్‌ఫేస్ మీదికి పాకితే పెయింట్ కింద కూడా దాగదు. వీల్ ఆర్చ్ వైపు అడెండమ్‌ను కొంచెం ఎత్తు చేస్తే గీత ట్రిమ్ లైన్ (అదనపు రేకును కోసే గీత) బయటే ఆగుతుంది.

సాఫ్ట్ టూల్

ప్రోటోటైప్ డై కిర్క్‌సైట్‌తో పోస్తారు. సుమారు 4 శాతం అల్యూమినియం, 3 శాతం రాగి కలిసిన జింక్ మిశ్రమం అది. 400 డిగ్రీల లోపే కరుగుతుంది, త్వరగా మెషినింగ్ అవుతుంది, పనైపోయాక కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. పోత చల్లారేటప్పుడు దాదాపు 1.1 శాతం కుంచించుకుంటుంది కాబట్టి ప్యాటర్న్‌లోనే ఆ అలవెన్స్ ఇవ్వాలి. ఫినిషింగ్‌కి 20 మి.మీ. బాల్ నోస్ కట్టర్, 0.8 మి.మీ. స్టెప్-ఓవర్. మిగిలే గట్టు ఎత్తు స్టెప్-ఓవర్ వర్గాన్ని రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది, అంటే 0.008 మి.మీ. పాలిషింగ్‌కి ఇది చాలు. అంతకంటే సన్నటి స్టెప్-ఓవర్ పెట్టడం మెషిన్ టైమ్ దండగ.

ప్రొడక్షన్‌లో ఎడమ, కుడి ఫెండర్లు ఒకే డైలో జంటగా డ్రా చేసి తర్వాత విడదీయడం మామూలు. రెండు పక్కలా లోడ్ సమానంగా ఉంటుంది. ప్రోటోటైప్‌లో ఒక్కటే డ్రా చేస్తారు, కాబట్టి పక్కతోపు మొత్తం డై మీద పడుతుంది. జింక్ మెత్తన. హీల్ బ్లాక్‌లూ (పంచ్ పక్కకు జరగకుండా ఆనే దిమ్మెలు) స్టీల్ వేర్ ప్లేట్లూ లేకుండా దించితే పంచ్ పక్కకు జరిగి, క్లియరెన్స్ ఒకవైపు బిగిసి ఇంకోవైపు వదులవుతుంది. ఆ ప్యానెల్‌తో ఏ సిమ్యులేషన్‌నీ పోల్చలేం.

మొదటి ట్రైఅవుట్: ఆరు పాయింట్ల కథ

బ్లాంక్ అంచు అసలు ఎక్కడుందో బైండర్ మీద గీతలు గీసి ఉంచాలి. డ్రా అయ్యాక ఆ గీత నుంచి అంచు ఎంత లోపలికి పోయిందో స్టీల్ స్కేల్‌తో కొలిస్తే అదే డ్రా-ఇన్. ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఈ కేసులో వరుసగా సిమ్యులేషన్, మొదటి ట్రైఅవుట్ అంకెలు మి.మీ.లలో:

బానెట్ వైపు: 24, 33
హెడ్‌ల్యాంప్ మూల: 41, 40
బంపర్ వైపు: 27, 34
వీల్ ఆర్చ్ వైపు: 22, 31
వెనక కింది అంచు: 30, 37
డోర్ వైపు: 29, 38

ప్యానెల్ చీలలేదు. చాలామంది ఇక్కడే సంతోషించి, సిమ్యులేషన్ అవసరానికి మించి భయపెట్టిందని తేల్చేస్తారు. పట్టికను మళ్లీ చదవండి. ఐదు చోట్ల షీట్ 7 నుంచి 9 మి.మీ. ఎక్కువ జారింది, ఒక్క మూలలో మాత్రం దాదాపు కలిసింది. ఆ మూలలో బీడ్ లేదు. తప్పు ఫ్రిక్షన్‌దో బైండర్ ఫోర్స్‌దో అయ్యుంటే మూల కూడా మారాలి. మారలేదు కాబట్టి నేరం బీడ్‌దే. సిమ్యులేషన్‌లో ఫ్రిక్షన్‌ను 0.15 నుంచి 0.10కి దించితే మిగతా ఐదు పాయింట్లు ఎలాగో కలిపేయొచ్చు, కానీ మూల చెడుతుంది. ఆ తప్పుడు ఫ్రిక్షన్ ప్రొడక్షన్ డై డిజైన్ దాకా వెళ్తుంది. నిజమైన నష్టం అక్కడ జరుగుతుంది.

ప్యానెల్ మీద పడిన బీడ్ అచ్చును కొలిస్తే ఎత్తు 4.6 మి.మీ., డిజైన్‌లో 5.5. గాడి భుజాల రేడియస్ 3 ఉండాల్సింది 4.5 అయింది. జింక్‌లోనే చెక్కిన బీడ్ చేతి గ్రైండింగ్‌లో, మొదటి కొన్ని స్ట్రోకుల్లో అరిగిపోయింది. ప్రష్యన్ బ్లూ రంగు రాసి, ఎక్కడెక్కడ తాకుతుందో చూసే స్పాటింగ్ చేస్తే ఇంకొకటి తెలిసింది. నీలం బీడ్ బయటి అంచున మాత్రమే అంటుకుంది, లోపలివైపు 0.15 మి.మీ. ఖాళీ. బైండర్‌ను కింది నుంచి మోసే కుషన్ పిన్‌ల పొడవులో 0.1 మి.మీ. తేడా ఉన్నా 0.7 మి.మీ. షీట్ మీద పట్టు ఇలా మారిపోతుంది.

సరిచేయడం సూటిగానే ఉంటుంది. బైండర్‌లో గాడి కోసి స్టీల్ బీడ్ బార్‌లు బోల్టులతో బిగించాలి, డై వైపు భుజాలకూ స్టీల్ ఇన్సర్ట్‌లు పెట్టాలి. కుషన్ పిన్‌లను జతగా గ్రైండ్ చేసి, ఈక్వలైజర్ బ్లాకుల (బైండర్ ఖాళీని సమంగా ఉంచే దిమ్మెల) కింద షిమ్ సరిచేసి, బ్లూ అంతటా సమంగా అంటే దాకా స్పాటింగ్ చేయాలి. ఆ తర్వాత అదే వరుసలో 25, 40, 28, 24, 31, 30 వచ్చాయి. తేడా రెండు మి.మీ. లోపే. ఇప్పుడు మాత్రమే థిన్నింగ్ గురించి మాట్లాడటంలో అర్థం ఉంది.

మధ్యభాగాన్ని దేనితో కొలవాలి

మూలలో 18 శాతం థిన్నింగ్‌ను అల్ట్రాసోనిక్ గేజ్ సులభంగా పట్టుకుంటుంది. మధ్యభాగం అలా కాదు. మొదటి ట్రైఅవుట్‌లో అక్కడ 0.69 చూపించింది, సరిచేశాక 0.68. గేజ్ కనీస అంకె 0.01 మి.మీ. మంచి ప్యానెల్‌కీ చెడ్డ ప్యానెల్‌కీ తేడా గేజ్ మీద ఒకే ఒక్క అంకె. షీట్ మందం ఒక చివర నుంచి ఇంకో చివరకి అంత మారడం మామూలే. దాని మీద నిర్ణయం తీసుకోలేం.

ఎచ్ చేసిన 2.5 మి.మీ. వలయాలూ ఇక్కడ పనికిరావు. 1.5 శాతం సాగితే వలయం 2.54 అవుతుంది, పారదర్శక టేప్‌తో ఆ తేడా చదవలేం. వలయాలు మూలల కోసం. మధ్యభాగానికి బ్లాంక్ మీదే 100 మి.మీ. పొడవున అడ్డంగా, నిలువుగా సన్నటి గీతలు గీయడం మేలు. డ్రా అయ్యాక పలచటి స్టీల్ టేపును వంపు వెంట పరిచి కొలవాలి. మొదటి ట్రైఅవుట్‌లో రెండు దిశల్లోనూ 100.7, అంటే 1.4 శాతం థిన్నింగ్. బీడ్ మార్చాక 101.5, అంటే 2.9. సిమ్యులేషన్ చెప్పింది 3.2. ఈ తేడా అంగీకరించదగ్గదే. హిల్ 48 సంగతి కూడా ఇందులో కొంత ఉంది. తర్వాత ప్యానెల్‌కి ఆయిల్ స్టోన్ రుద్ది చూస్తే ఫీచర్ లైన్ పక్కన పల్లం ఉందో లేదో గీతలే చెప్తాయి.

ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. మూల చీలుతుంటే షాపులో పాలిథిన్ కాగితం వేసి డ్రా చేస్తారు, పార్ట్ చక్కగా వస్తుంది. షో కారుకి పార్ట్ కావాలంటే చేయండి. కానీ ఆ ప్యానెల్‌తో ప్రాసెస్ గురించి ఏమీ తేల్చకూడదు, దాని మీద పెద్ద అక్షరాలతో పాలిథిన్ అని రాసి పక్కన పెట్టాలి. ఆయిల్ బ్రష్‌తో ధారాళంగా పూయడమూ అంతే. ప్రొడక్షన్‌లో షీట్ మీద ఉండేది చదరపు మీటరుకి ఒకటి రెండు గ్రాముల ఆయిలే.

ట్రిమ్, ఫ్లాంజ్: ఇక్కడ ప్రోటోటైప్ తప్పుగా నమ్మిస్తుంది

ప్రోటోటైప్‌కి ట్రిమ్ డై చేయరు, ఫైవ్-యాక్సిస్ లేజర్‌తో కోస్తారు. లేజర్ అంచు నున్నగా ఉంటుంది. ట్రిమ్ స్టీల్ (ట్రిమ్ డైలోని కత్తి) కోసిన అంచులో బర్ (గరుకు మొన) ఉంటుంది, కోత దగ్గర లోహం అప్పటికే గట్టిపడి ఉంటుంది. ఫ్లాంజ్ (మడిచే అంచు పట్టీ) సాగదీసేటప్పుడు పగిలేది ఆ అంచే. కాబట్టి లేజర్ పార్ట్ పగలలేదంటే ప్రొడక్షన్ పార్ట్ కూడా పగలదని అర్థం కాదు. ఎఫ్ఎల్‌సీ కూడా దీన్ని చెప్పదు, అది షీట్ మధ్యలో వచ్చే నెక్కింగ్ గురించి మాత్రమే.

చేతిలెక్క చాలు. వీల్ ఆర్చ్ రేడియస్ 360, ఫ్లాంజ్ 15 మి.మీ. అంచు రేడియస్ 345. 360ని 345తో భాగిస్తే సాగుదల 4.3 శాతం, భయం లేదు. హెడ్‌ల్యాంప్ దగ్గర లోపలి మూల రేడియస్ 30, ఫ్లాంజ్ 8. 30ని 22తో భాగిస్తే 36 శాతం. లేజర్ అంచు దీన్ని తట్టుకోవచ్చు, అరిగిన ట్రిమ్ స్టీల్ కోసిన అంచు తట్టుకోకపోవచ్చు. ఫ్లాంజ్‌ను అక్కడ 5 మి.మీ.కి తగ్గిస్తే 20 శాతానికి దిగుతుంది. ఈ మార్పు స్టైలింగ్ ఫ్రీజ్ కాకముందే అడగాలి, ఆ తర్వాత అడిగితే ఎవరూ వినరు.

స్ప్రింగ్‌బ్యాక్ విషయంలో అత్యాశ వద్దు. ఈ కేసులో ట్రిమ్ అయ్యాక వెనక కింది కొస 2.4 మి.మీ. బయటికి తెరుచుకుంది, సిమ్యులేషన్ 2.0 చెప్పింది. డ్రా-ఇన్ కలిసింది కాబట్టే ఈ దగ్గరితనం. మొదటి ట్రైఅవుట్ ప్యానెల్‌ను కొలిచి కాంపెన్సేషన్ చేసుంటే, తక్కువ సాగిన ప్యానెల్‌కి తగ్గట్టు డైని వంచినట్టయ్యేది. బీడ్ సరిచేయగానే మళ్లీ మొదటికొచ్చేది. కొలిచేటప్పుడు స్కానింగ్‌లోనూ సిమ్యులేషన్‌లోనూ ఒకే క్లాంప్ పాయింట్లు, ఒకే వరుస, గురుత్వం లెక్కలోకి తీసుకోవాలి. 0.7 మి.మీ. ప్యానెల్ తన బరువుకే వంగుతుంది.

ప్రొడక్షన్ టూల్‌కి ఏం పంపాలి

నిర్ధారణ అయిన మెటీరియల్ కార్డు, అడెండమ్ రూపం, మూలలో బీడ్ లేకుండా వదిలిన పొడవు, తిన్నటి వైపుల బీడ్ పట్టు: ఇవి పంపొచ్చు. స్ప్రింగ్‌బ్యాక్ అంకెలు పంపకూడదు. అక్కడ జంట డ్రా, ట్రిమ్ డై, క్యామ్ ఫ్లాంజ్ ఉంటాయి, ఆపరేషన్ల వరుసే వేరు. డై మెటీరియల్ కూడా జీజీజీ70ఎల్ తరహా డక్టైల్ ఐరన్, పైన హార్డెనింగ్, క్రోమ్ ప్లేటింగ్. ప్రెస్ వేగమూ వేరే, ఫ్రిక్షన్ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. అందుకే సిమ్యులేషన్ ఫైళ్లు రెండు ఉండాలి, ఒకటి సాఫ్ట్ టూల్ పరిస్థితులతో, ఒకటి ప్రొడక్షన్ పరిస్థితులతో. ట్రైఅవుట్‌తో పోల్చేది మొదటిదాన్ని. రెండోదాంట్లో ఫ్రిక్షన్‌ను 0.12 నుంచి 0.18 దాకా, యీల్డ్‌ను పది శాతం అటూ ఇటూ, షీట్ మందాన్ని టాలరెన్స్ రెండు చివర్లకీ మార్చి వరుసగా రన్ చేయాలి. ప్రోటోటైప్ షీట్లన్నీ సాధారణంగా ఒకే కాయిల్ నుంచి వచ్చినవి కాబట్టి ఈ హెచ్చుతగ్గులు ట్రైఅవుట్‌లో కనపడవు. కుదిరితే రెండో లాట్ నుంచి, యీల్డ్ ఎక్కువున్న పది షీట్లు తెప్పించి అదే టూల్ మీద డ్రా చేసి, ఆ ఆరు పాయింట్లూ మళ్లీ కొలిచి ఫైల్‌కి జత చేయాలి.